రీడ్‌మీ 1,400 లైన్లు దాటింది: డాక్స్‌కి మార్క్‌డౌనా, ఆర్‌ఎస్‌టీనా, ఆస్కీడాకా?

#1 రీడ్‌మీ_రాజు
పైథాన్‌లో రాసిన కమాండ్ లైన్ టూల్, దాని కింద లైబ్రరీ, మధ్యలో చిన్న సీ ఎక్స్‌టెన్షన్. రీడ్‌మీ ఒక్కటే 1,400 లైన్లు దాటింది. ఇన్‌స్టాల్ చేసే పద్ధతి రీడ్‌మీలో ఒకటుంది, గిట్‌హబ్ వికీలో ఇంకోటుంది. ఏది నమ్మాలని ఇష్యూలు వస్తూనే ఉన్నాయి.

కావలసినవి: వెబ్‌సైటు, మ్యాన్ పేజీ (టెర్మినల్‌లో చదివే మాన్యువల్), డాక్‌స్ట్రింగ్‌ల (కోడ్‌లోనే రాసే వివరణల) నుంచి ఏపీఐ రిఫరెన్స్, ఇంకా వాడకంలో ఉన్న రెండు పాత వెర్షన్లకి విడిగా డాక్స్, వీలైతే తెలుగు అనువాదం. రాసేవాళ్లం నలుగురం, అప్పుడప్పుడూ తప్పులు దిద్ది పంపేవాళ్లు పాతిక మంది. రాసే మార్కప్ ఫార్మాట్ మార్క్‌డౌన్ కావాలని ముగ్గురు పట్టుబడుతున్నారు, ఆర్‌ఎస్‌టీ (రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్) అని ఒకరు. ఆ ఒకరు నేనే. నాది మొండితనమా?

#2 కొమ్మ_విలీనం
మొండితనమే. ఒక అక్షరదోషం దిద్దడానికి కొత్త సింటాక్స్ నేర్చుకోమంటే ఆ పుల్ రిక్వెస్ట్ (దిద్దుబాటు ప్రతిపాదన) రానే రాదు. ఎంకేడాక్స్ (మార్క్‌డౌన్ ఫైళ్లని సైటు చేసే టూల్) పెట్టండి, సాయంత్రానికి సైటు లేస్తుంది.

#3 పాత_టెర్మినల్
ఫార్మాట్ సంగతి తర్వాత. ముందు వికీ మూసెయ్యండి. గిట్‌హబ్ వికీ వేరే గిట్ రిపో. దానికి పుల్ రిక్వెస్ట్ ఉండదు, రివ్యూ ఉండదు, మీ కోడ్ ట్యాగులతో దానికి చుట్టరికం ఉండదు. ఒక ఆప్షన్ పేరు మార్చిన కమిట్‌లోనే దాని డాక్ కూడా మారాలి, లేకపోతే ఇంకెప్పుడూ మారదు. వికీని క్లోన్ చేసి ఆ ఫైళ్లని కోడ్ రిపోలో డాక్స్ ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి. తర్వాత తీరిగ్గా కొట్టుకోవచ్చు.

#4 బిల్డ్_పగిలింది
#2 గారూ, ఏ మార్క్‌డౌన్?

2004లో జాన్ గ్రూబర్ వదిలింది ఒక వివరణ, ఒక పెర్ల్ స్క్రిప్టు. ఖచ్చితమైన నిర్వచనం కోసం కామన్‌మార్క్ రావడానికి 2014 దాకా పట్టింది. గిట్‌హబ్ వాడే మార్క్‌డౌన్ రకం దాని మీద కట్టినది. ఎంకేడాక్స్ లోపల నడిచేది పైథాన్-మార్క్‌డౌన్, అది కామన్‌మార్క్ పాటించదు. ఫలితం ఇలా ఉంటుంది:

లిస్టులో లిస్టు పెట్టి రెండు స్పేస్‌లు జరిపితే గిట్‌హబ్‌లో లోపలికి వెళ్తుంది. అదే ఫైలు ఎంకేడాక్స్‌లో చదునుగా ఒకే వరుసలో పడుతుంది, దానికి నాలుగు స్పేస్‌లు కావాలి. పేరా కిందే ఖాళీ లైను వదలకుండా లిస్టు మొదలెడితే గిట్‌హబ్ లిస్టుగా చూపిస్తుంది, ఎంకేడాక్స్ దాన్ని పేరాలో కలిపేసి గీతలన్నీ వాక్యం మధ్యలో పెడుతుంది. రివ్యూ చేసేవాడు గిట్‌హబ్‌లో చూసి బాగుందని మెర్జ్ కొడతాడు, సైటులో వికారంగా ఉంటుంది.

ఇక "గమనిక" పెట్టె. ఎంకేడాక్స్‌లో మూడు ఆశ్చర్యార్థకాలు, డాక్యుసారస్ అనే సైటు టూల్‌లో మూడు కోలన్లు, మిస్ట్ అనే మార్క్‌డౌన్ రకంలో మూడు బ్యాక్‌టిక్‌ల పక్కన మీసాల బ్రాకెట్టు, గిట్‌హబ్‌లో కోట్ గుర్తు తర్వాత చదరపు బ్రాకెట్లో ఆశ్చర్యార్థకం. నాలుగు ఊళ్లలో నాలుగు పేర్లు. మార్క్‌డౌన్‌లో రాస్తే ఎప్పుడైనా ఎక్కడికైనా మారిపోవచ్చన్నది సగం నిజం. పేరాలు మారతాయి, పెట్టెలు మారవు.

#5 కొమ్మ_విలీనం
అన్ని చోట్లా నాలుగు స్పేస్‌లే రాస్తే రెండు చోట్లా సరిగ్గా వస్తుంది. మార్క్‌డౌన్‌లింట్‌లో (తప్పులు పట్టే టూల్) ఎండీ007 రూల్‌కి ఇండెంట్ 4 అని పెట్టి సీఐలో (ప్రతి మార్పుకీ దానంతటదే నడిచే తనిఖీ) వేసేయండి. లిస్టు చుట్టూ ఖాళీ లైను ఉండాలనేది ఎండీ032. రెండు రూల్స్‌తో మీ లిస్టుల పేరా అంతా పోయింది.

#6 బిల్డ్_పగిలింది
ఒప్పుకుంటున్నా. పెట్టెలు మాత్రం పోలేదు.

#7 సెమికోలన్
రాజు గారూ, మీ కోరికల జాబితాలో మ్యాన్ పేజీ, ఏపీఐ, అనువాదం మూడూ ఉన్నాయి. మూడూ ఒకే చోట, బయటి ప్లగిన్ల మీద ఆధారపడకుండా ఉన్నది స్ఫింక్స్‌లోనే (ఆర్‌ఎస్‌టీ నుంచి డాక్స్ కట్టే టూల్). పైథాన్ సొంత డాక్స్ 2008లో, 2.6 విడుదలప్పుడు, లేటెక్ నుంచి దీంట్లోకి వచ్చాయి. లినక్స్ కెర్నెల్ 2016లో డాక్‌బుక్ వదిలి ఇటే వచ్చింది.

అసలు బలం క్రాస్ రిఫరెన్సుల్లో ఉంది. మార్క్‌డౌన్ లింకు ఫైలు దారికి కట్టుబడి ఉంటుంది. స్ఫింక్స్‌లో శీర్షిక పైన ఒక లేబుల్ పెట్టి, ఎక్కడి నుంచైనా ఆ లేబుల్‌నే పిలుస్తారు. పేజీని వేరే ఫోల్డర్‌లోకి జరిపినా లింకు తెగదు, శీర్షిక మారిస్తే లింకు మీది మాటలు కూడా వాటంతట అవే మారతాయి. ఇంటర్‌స్ఫింక్స్ పెట్టుకుంటే వేరే ప్రాజెక్టుల ఫంక్షన్లకి కూడా పేరుతోనే లింకు పడుతుంది.

#8 కొమ్మ_విలీనం
ఆర్‌ఎస్‌టీ టేబుల్ గీసిన మనిషెవరూ ఇంత ఉత్సాహంగా మాట్లాడరు.

#9 సెమికోలన్
గీతల టేబుల్ ఎవరు గీయమన్నారు? లిస్ట్-టేబుల్ డైరెక్టివ్ ఉంది, మామూలు బుల్లెట్లలా రాసుకుంటూ పోవడమే. సీఎస్‌వీ ఫైలుంటే సీఎస్‌వీ-టేబుల్.

#10 తెనిగింపు
అనువాదం మాట వచ్చింది కాబట్టి. తెలుగులో విభక్తి పదానికి అంటుకుని వస్తుంది, ఈ టూల్స్ రాసినవాళ్లకి ఆ ఊహే లేదు. మచ్చుకి "ఫైలులో" అనే మాటలో "ఫైలు" మాత్రమే బోల్డ్ కావాలనుకోండి.

ఆర్‌ఎస్‌టీలో `**ఫైలు**లో` అని రాస్తే బోల్డ్ రాదు. ముగింపు నక్షత్రాల తర్వాత స్పేసో విరామచిహ్నమో ఉండి తీరాలి. `**ఫైలు**\ లో` అని బ్యాక్‌స్లాష్, స్పేస్ పెట్టాలి. అవుట్‌పుట్‌లో ఆ రెండూ మాయమై పదం అంటుకుంటుంది. జంట బ్యాక్‌టిక్‌లలో పెట్టే కమాండ్ పేర్లకీ ఇదే గతి. మరిచిపోతే కనీసం వార్నింగ్ వస్తుంది.

కామన్‌మార్క్‌లో `**ఫైలు**లో` ఇబ్బంది లేదు. `_ఫైలు_లో` మాత్రం కుదరదు, పదం మధ్య అండర్‌స్కోర్‌ని అది గుర్తించదు. కాబట్టి ఎప్పుడూ నక్షత్రాలే. ఇంకో గొయ్యి ఉంది: `**ఫైలు (పాతది)**లో`. ముగింపు నక్షత్రాలకి ముందు బ్రాకెట్టు, వెనక అక్షరం ఉంటే అది ముగింపు కాదనుకుంటుంది. నక్షత్రాలు నక్షత్రాల్లాగే పేజీ మీద కూర్చుంటాయి, వార్నింగ్ కూడా ఉండదు. "లో"ని కూడా బోల్డ్ లోపలికి లాగడమే మందు.

ఆస్కీడాక్‌లో ఒక్క నక్షత్రం పదం చివరే పనిచేస్తుంది. విభక్తి తగిలితే రెండు నక్షత్రాలు వాడాలి.

ఆర్‌ఎస్‌టీ శీర్షికలతో ఇంకో తమాషా. కింద గీసే గీత శీర్షిక పొడవుకి తగ్గకూడదు. "స్థాపన" చూడ్డానికి మూడక్షరాలు. ఆర్‌ఎస్‌టీని చదివే డాక్‌యుటిల్స్ లెక్కలో ఐదు, ఎందుకంటే దీర్ఘాన్ని, ఒత్తుని విడివిడిగా లెక్కిస్తుంది, పొల్లు ఒక్కటే వదిలేస్తుంది. నాలుగు గీతలు పెడితే శీర్షికగా తీసుకుని సణుగుతుంది. మూడే పెడితే అది శీర్షికే కాదనుకుని మామూలు వాక్యంలో కలిపేస్తుంది. లెక్కపెట్టడం మానేసి ప్రతి శీర్షిక కిందా నలభై గీతలు పెట్టేయండి, ఎక్కువైతే తప్పులేదు.

#11 పాత_టెర్మినల్
#10 ఈ దారంలో అన్నిటికంటే పనికొచ్చే పోస్టు.

#12 నిశ్శబ్ద_పాఠకుడు
"ఫైలు (పాతది)"ని బుక్‌మార్క్ చేసుకున్నా. నక్షత్రాలు ఎందుకు మిగిలిపోతున్నాయో ఇవాళ తెలిసింది.

#13 ఆస్కీ_అభిమాని
ఆస్కీడాక్ పేరు ఎత్తారు కాబట్టి నా వంతు. గిట్ సొంత మాన్యువల్ పేజీలు దీంట్లోనే రాస్తారు, ఫ్రీబీఎస్‌డీ 2021లో డాక్‌బుక్ నుంచి దీనికే మారింది. మార్క్‌డౌన్‌కి పొడిగింపులుగా తగిలించేవన్నీ (ఇన్‌క్లూడ్, షరతులు, గమనిక పెట్టెలు, టేబుల్ సెల్‌లో లిస్టు) ఇక్కడ భాషలోనే ఉన్నాయి. మ్యాన్ పేజీ ఆస్కీడాక్టర్ (ఆస్కీడాక్‌ని చదివే టూల్) నేరుగా ఇస్తుంది. పెద్ద సైటు, నాలుగైదు రిపోలు, ఒక్కోదానికి నాలుగైదు వెర్షన్లు ఉంటే ఆంటోరా అనే సైటు టూల్‌ని మించింది లేదు. గిట్ బ్రాంచినే వెర్షన్‌గా తీసుకుంటుంది.

ఇంత చెప్పి, రాజు గారికి మాత్రం వద్దంటాను. పైథాన్ డాక్‌స్ట్రింగ్‌లని చదివి ఏపీఐ పేజీలు కట్టే దారి ఇటువైపు లేదు. ఆ ఒక్క కారణం చాలు.

#14 కొమ్మ_విలీనం
అభిమాని అని పేరు పెట్టుకుని వద్దనడం ఈ ఫోరమ్‌లో మొదటిసారి.

#15 ప్యాకేజర్_పాపయ్య
డిస్ట్రో (లినక్స్ పంపిణీ) వైపు నుంచి రెండు మాటలు. డెబియన్‌లో ప్యాకేజీ బిల్డ్ అయ్యేటప్పుడు నెట్‌వర్క్ ఉండదు. డాక్స్ కట్టడానికి ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల నిల్వ) నుంచి వందల ప్యాకేజీలు దిగాలంటే మేము ఆ డాక్స్ వదిలేసి టూల్ ఒక్కటే ప్యాకేజీ చేస్తాం. డాక్యుసారస్ ప్రాజెక్టులకి జరిగేది ఇదే. స్ఫింక్స్, ఆస్కీడాక్టర్, ఎంకేడాక్స్ మూడూ డిస్ట్రోలోనే ఉన్నాయి.

రెండోది థీమ్. ఫాంట్లు, స్క్రిప్టులు బయటి సర్వర్ నుంచి లాగే పేజీలని డెబియన్ తనిఖీ టూల్ లింటియన్ ప్రైవసీ ఉల్లంఘన అని పట్టుకుంటుంది. ఎంకేడాక్స్‌కి వాడే మెటీరియల్ థీమ్‌లో ఫాంట్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే గూగుల్ ఫాంట్లు ఆగుతాయి.

మ్యాన్ పేజీ మాత్రం దయచేసి ఎగ్గొట్టకండి. నెట్ లేని సర్వర్‌లో కూర్చున్నవాడికి అదొక్కటే దిక్కు.

#16 రీడ్‌మీ_రాజు
మ్యాన్ పేజీకి ఆప్షన్లన్నీ మళ్లీ చేత్తో రాయాలా? ఆర్గ్‌పార్స్‌లో (కమాండ్ ఆప్షన్లు చదివే పైథాన్ మాడ్యూల్) ఇప్పటికే 38 ఆప్షన్లకి హెల్ప్ వాక్యాలున్నాయి.

#17 ప్యాకేజర్_పాపయ్య
రాయక్కర్లేదు. హెల్ప్2మ్యాన్ మీ హెల్ప్ అవుట్‌పుట్‌నే మ్యాన్ పేజీ చేస్తుంది, ఆర్గ్‌పార్స్-మ్యాన్‌పేజ్ నేరుగా పార్సర్‌నే చదువుతుంది. కాకపోతే వచ్చేది ఆప్షన్ల పట్టిక మాత్రమే. ఉదాహరణలు, ఎగ్జిట్ కోడ్‌లు, ఏ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ దేన్ని మారుస్తుందో అందులో రావు, జనం వెతికేది అవే. ఆ మూడు విభాగాలు చేత్తో రాసి స్ఫింక్స్ మ్యాన్ బిల్డర్‌కి ఇవ్వండి. స్ఫింక్స్ సెట్టింగులుండే కాన్ఫ్ ఫైలులో మ్యాన్ పేజెస్ అనే జాబితాలో ఒక్కో పేజీకి ఐదు అంశాలు: మూల ఫైలు, పేరు, ఒక లైను వివరణ, రచయిత, విభాగం సంఖ్య. కమాండ్‌కి 1, కాన్ఫిగ్ ఫైలు ఫార్మాట్‌కి 5, అడ్మిన్ కమాండ్‌కి 8.

#18 బిల్డ్_పగిలింది
ఆప్షన్ల మాట వచ్చింది కాబట్టి: స్ఫింక్స్‌లో స్మార్ట్‌కోట్స్ (కొటేషన్లని, గీతలని అందంగా మార్చే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. జంట హైఫన్ ఉన్న ఆప్షన్‌ని మామూలు వాక్యంలో రాస్తే వెబ్ పేజీలో ఆ రెండు హైఫన్లు కలిసి ఒక పొడవాటి గీత అవుతాయి. పాఠకుడు కాపీ చేసి టెర్మినల్‌లో అతికిస్తే "అలాంటి ఆప్షన్ లేదు". మ్యాన్ పేజీలో ఈ పని జరగదు కాబట్టి అక్కడ చూసి సరిగ్గానే ఉందనుకుంటారు. ఆప్షన్ పేరు ఎప్పుడూ కోడ్ మార్కప్‌లోనే ఉండాలి. లేదా స్మార్ట్‌కోట్స్ ఆపేయండి, నష్టం లేదు.

#19 రీడ్‌మీ_రాజు
సరే, స్ఫింక్స్ అనుకుందాం. ఆ ముగ్గురి మార్క్‌డౌన్? మిస్ట్ (స్ఫింక్స్ చేత మార్క్‌డౌన్ చదివించేది) వాడితే రెండూ దక్కుతాయంటున్నారు, నిజమేనా?

#20 సెమికోలన్
నిజమే, ఒక మెలికతో. మిస్ట్-పార్సర్‌ని ఇన్‌స్టాల్ చేసి కాన్ఫ్ ఫైలు ఎక్స్‌టెన్షన్ల జాబితాలో చేర్చండి. కోలన్-ఫెన్స్ ఆన్ చేయండి, అప్పుడు గమనిక పెట్టెలు మూడు కోలన్లతో రాయొచ్చు, ఎడిటర్ దాన్ని కోడ్ అనుకోదు. హెడింగ్ యాంకర్స్ 3 అని పెట్టండి, లేకపోతే మార్క్‌డౌన్ పద్ధతిలో శీర్షికలకి ఇచ్చిన లింకులు పనిచేయవు. రీడ్‌మీని ఇన్‌క్లూడ్ డైరెక్టివ్‌తో మొదటి పేజీలోకి లాగవచ్చు, అప్పుడు ఇన్‌స్టాల్ పద్ధతి ఒకే చోట ఉంటుంది. రీడ్‌మీలోని రిలేటివ్ లింకులు విరక్కుండా రిలేటివ్-డాక్స్, రిలేటివ్-ఇమేజెస్ ఆప్షన్లు ఇవ్వండి.

మెలిక ఏంటంటే, పేజీలు మార్క్‌డౌన్‌లో రాసినా, ఏపీఐ పేజీలు కట్టే ఆటోడాక్ మీ డాక్‌స్ట్రింగ్‌లని ఆర్‌ఎస్‌టీగానే చదువుతుంది. డాక్‌స్ట్రింగ్‌లో ఒక్క బ్యాక్‌టిక్‌తో కోడ్ రాస్తే అది వాలు అక్షరాలుగా వస్తుంది, మార్క్‌డౌన్ లింకు అలాగే పచ్చిగా కనపడుతుంది. డాక్‌స్ట్రింగ్‌ల వరకు గూగుల్ శైలో నంపై శైలో పట్టుకుని, దాన్ని చదివే నెపోలియన్ ఎక్స్‌టెన్షన్ పెట్టండి, జంట బ్యాక్‌టిక్‌లు వాడండి. ముగ్గురికీ ఈ ఒక్క ముక్క చెప్పి ఒప్పించండి.

#21 తెనిగింపు
మిస్ట్ కామన్‌మార్క్ పాటిస్తుంది కాబట్టి #10లో చెప్పిన బ్యాక్‌స్లాష్ గొడవ అనువాదంలో తప్పుతుంది. పీఓ ఫైలులో (మూలం, అనువాదం జంటగా ఉండే ఫైలు) అనువదించిన వాక్యాన్ని కూడా అదే పార్సర్ చదువుతుంది. ఆ ఒక్క లాభానికే నా ఓటు మిస్ట్‌కి.

#22 బిల్డ్_పగిలింది
ఆటోడాక్ మాడ్యూల్‌ని నిజంగా ఇంపోర్ట్ చేస్తుంది. మీ సీ ఎక్స్‌టెన్షన్ కంపైల్ కాని సర్వర్‌లో ఇంపోర్ట్ విఫలమవుతుంది. బిల్డ్ మాత్రం ఆగదు! ఒక వార్నింగ్ రాసి, ఖాళీ ఏపీఐ పేజీని హాయిగా అచ్చేస్తుంది. ఆటోడాక్ మాక్ ఇంపోర్ట్స్ జాబితాలో ఆ ఎక్స్‌టెన్షన్ పేరు పెట్టండి. అసలు ఇంపోర్టే వద్దంటే స్ఫింక్స్-ఆటోఏపీఐ సోర్స్‌ని చదివి కడుతుంది.

సీఐలో పెద్ద డబ్ల్యూ ఫ్లాగ్ తప్పనిసరి, వార్నింగ్ వస్తే బిల్డ్ విఫలం. 8.1కి ముందు స్ఫింక్స్ మొదటి వార్నింగ్ దగ్గరే ఆగిపోయేది, దానికి కీప్-గోయింగ్ కూడా ఇవ్వాలి. చిన్న ఎన్ ఫ్లాగ్ ఇస్తే దొరకని రిఫరెన్సులన్నీ బయటపడతాయి, మొదటిరోజు గుండె చిక్కబట్టుకోండి.

#23 కొమ్మ_విలీనం
ఎంకేడాక్స్‌లో కూడా స్ట్రిక్ట్ ఉంది, ఎంకేడాక్‌స్ట్రింగ్స్ ఇంపోర్ట్ లేకుండా సోర్స్‌నే చదువుతుంది. ఇన్ని ఫ్లాగులు గుర్తుపెట్టుకునే బదులు...

#24 ఆస్కీ_అభిమాని
ఎంకేడాక్స్ బాగుంటుంది, కాదనను. కానీ మెటీరియల్ వాళ్లు 2025 నవంబరులో జెన్సికల్ అనే కొత్త టూల్ ప్రకటించి, మెటీరియల్‌ని మెయింటెనెన్స్‌లో పెట్టారు. ఇవాళ కొత్తగా మొదలెట్టేవాళ్లు ఆ మార్పు ఒక కొలిక్కి వచ్చేదాకా ఆగడం మేలు.

#25 కొమ్మ_విలీనం
హూఁ. అది నిజమే.

#26 రీడ్‌మీ_రాజు
పాత వెర్షన్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

#27 పాత_టెర్మినల్
రెండు దారులు. డాక్యుసారస్‌లో వెర్షన్ కమాండ్ కొడితే డాక్స్ ఫోల్డర్ మొత్తం కాపీ అవుతుంది. మూడు వెర్షన్లుంటే ఒకే అక్షరదోషాన్ని మూడు కాపీల్లోనూ, పైన ఇంకా రాస్తున్న దాంట్లోనూ దిద్దాలి. లాభం: పాత డాక్స్ కూడా ఇవాళ్టి థీమ్‌తో ఒకే బిల్డ్‌లో వస్తాయి. రెండోది గిట్ బ్రాంచే వెర్షన్. డాక్స్ కట్టి చూపించే సైటు రీడ్ ద డాక్స్ ఈ దారిలో నడుస్తుంది, ఏ బ్రాంచి, ఏ ట్యాగు చూపాలో టిక్ పెడితే చాలు. చెర్రీ-పిక్‌తో (ఒక్క కమిట్‌నే వేరే బ్రాంచికి కాపీ చేయడం) దిద్దుబాటు పాత బ్రాంచికి వెళ్తుంది.

రెండో దారిలో చిక్కు: మూడేళ్ల కిందటి బ్రాంచిని ఇవాళ్టి స్ఫింక్స్‌తో కడితే పగులుతుంది. ప్రతి బ్రాంచిలో డాక్స్ రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఉండాలి, అందులో స్ఫింక్స్, థీమ్, మిస్ట్ వెర్షన్లు ఖచ్చితమైన అంకెలతో ఉండాలి. రీడ్ ద డాక్స్ కాన్ఫిగ్ ఫైలు కూడా ప్రతి బ్రాంచిలో ఉండాలి. 2023 నుంచి అది లేకపోతే బిల్డే మొదలవ్వదు.

#28 బిల్డ్_పగిలింది
డాక్యుసారస్‌కి ఇంకోటి. దాని మూడో వెర్షన్ మార్క్‌డౌన్‌ని ఎండీఎక్స్‌గా (జావాస్క్రిప్ట్ కలిసిన మార్క్‌డౌన్) చదువుతుంది. వాక్యంలో మీసాల బ్రాకెట్టు పెడితే జావాస్క్రిప్ట్ అనుకుంటుంది, "<5 సెకన్లు" అని రాస్తే హెచ్‌టీఎంఎల్ ట్యాగు అనుకుని బిల్డ్ చంపేస్తుంది. మార్క్‌డౌన్ ఫార్మాట్‌ని డిటెక్ట్ అని మారిస్తే ఎండీ ఫైళ్లు మామూలు మార్క్‌డౌన్‌గా చదువుతుంది. వికీ నుంచి ఫైళ్లు తెచ్చి పడేసినవాళ్లందరూ మొదటి గంటలో తగిలేది ఈ గోడకే.

#29 తెనిగింపు
అనువాదం లెక్క. మేక్ గెట్‌టెక్స్ట్ కొడితే పీఓటీ ఫైళ్లు (అనువాదానికి ఖాళీ మూసలు) వస్తాయి, స్ఫింక్స్-ఐఎన్‌టీఎల్ అప్‌డేట్‌తో తెలుగు పీఓలు తయారవుతాయి. గెట్‌టెక్స్ట్ కంపాక్ట్‌ని ఫాల్స్ చేయండి, లేకపోతే ఒక ఫోల్డర్ అంతా ఒకే ఫైలులో కుప్పపడుతుంది, ఇద్దరు అనువాదకులు ఒకరి పని మీద ఒకరు పడతారు.

యూనిట్ పేరా. మూలంలో ఒక్క కామా మార్చినా ఆ పేరా మొత్తం ఫజీ (మళ్లీ సరిచూడాల్సింది) అయి ఇంగ్లీషు బయటికొస్తుంది. కాబట్టి పేరాలు చిన్నవిగా రాయండి, విడుదలకి ముందు కొన్నాళ్లు మూలాన్ని ముట్టుకోకండి. లైన్లు విరిచినా కలిపినా ఇబ్బంది లేదు, స్ఫింక్స్ వాటిని ఒకే వాక్యంగా చేసే తీస్తుంది. అందుకే వాక్యానికో లైను పద్ధతి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. డిఫ్‌లో ఏ వాక్యం మారిందో స్పష్టంగా కనపడుతుంది.

వెతుకుపెట్టె మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. స్ఫింక్స్ పదాలని పైథాన్ రెగెక్స్‌తో విడగొడుతుంది, అది గుణింతపు గుర్తులని అక్షరాలుగా లెక్కించదు. "స్థాపన" ముక్కలు ముక్కలుగా ఇండెక్స్‌లోకి వెళ్తుంది. తెలుగు సైటుకి విషయసూచిక పకడ్బందీగా కట్టడమే గతి. పీడీఎఫ్ కావాలంటే లేటెక్ ఇంజిన్ జీలేటెక్ పెట్టి తెలుగు ఫాంట్ ఇవ్వండి, పీడీఎఫ్‌లేటెక్‌తో తెలుగు రాదు.

#30 నిశ్శబ్ద_పాఠకుడు
ఉదాహరణల్లోని కోడ్ పాతబడితే?

#31 సెమికోలన్
కోడ్‌ని డాక్‌లో అతికించొద్దు. ఉదాహరణల ఫోల్డర్‌లో నిజమైన ఫైలుగా పెట్టి టెస్టుల్లో నడపండి, లిటరల్‌ఇన్‌క్లూడ్‌తో కావలసిన ముక్క లాగండి. లైను సంఖ్యలతో లాగకండి. పైన ఒక ఇంపోర్ట్ చేరిస్తే అంతా ఒక లైను జరిగి సగం ఫంక్షన్ కనపడుతుంది, ఏ వార్నింగూ రాదు. స్టార్ట్-ఆఫ్టర్, ఎండ్-బిఫోర్‌తో కామెంట్ గుర్తులు వాడండి. గుర్తు దొరక్కపోతే వార్నింగ్ వస్తుంది, #22లోని ఫ్లాగు దాన్ని పట్టుకుంటుంది.

#32 రీడ్‌మీ_రాజు
ముగ్గురితో మాట్లాడా. స్ఫింక్స్, మిస్ట్, పేజీలన్నీ మార్క్‌డౌన్, డాక్‌స్ట్రింగ్‌లు నంపై శైలి. బ్రాంచే వెర్షన్. మ్యాన్ పేజీ #17 పద్ధతి. లింక్‌చెక్ (లింకులు పనిచేస్తున్నాయో చూసేది) కూడా ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ పెడదామనుకుంటున్నాం. రేపు వికీ డిలీట్.

#33 బిల్డ్_పగిలింది
లింక్‌చెక్ పుల్ రిక్వెస్ట్‌కి పెట్టకండి. ఎవరి సైటో పది నిమిషాలు పడుకుంటే, అక్షరదోషం దిద్దినవాడికి ఎర్ర గుర్తు వస్తుంది. రాత్రిపూట రోజుకోసారి చాలు.

#34 ప్యాకేజర్_పాపయ్య
వికీ కూడా డిలీట్ చేయకండి. #3 గారు మూసెయ్యమన్నారు, తుడిచెయ్యమనలేదు. మీ కోడ్‌లో ఎర్రర్ మెసేజ్‌ల్లో వికీ అడ్రస్ ఎక్కడైనా ఉందేమో గ్రెప్ కొట్టండి. ఇప్పటికే జనం దగ్గరున్న వెర్షన్లు ఆ అడ్రసే చూపిస్తూ ఉంటాయి.

#35 రీడ్‌మీ_రాజు
ఆరు చోట్ల ఉంది. ఒకటి "ఇన్‌స్టాల్ విఫలమైంది, ఇక్కడ చూడండి" అనే మెసేజ్.

#36 పాత_టెర్మినల్
ఆ ఆరు పేజీలూ అదే పేరుతో ఉంచి, ఒక్కోదాంట్లో ఒకే లైను పెట్టండి: కొత్త పేజీకి లింకు. పేజీ పేరు మారిస్తే అడ్రస్ కూడా మారిపోతుంది, జాగ్రత్త. మిగతావి తీసేసి, సెట్టింగ్స్‌లో రిపో సభ్యులు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేయండి. కోడ్‌లోని ఆరు లింకులూ డాక్స్ సైటులో "స్టేబుల్" (విడుదలైన వెర్షన్) దారికి మార్చండి, "లేటెస్ట్"కి (ఇంకా రాస్తున్నది) కాదు.